చూడకుండా దూకినవాడు

పిడుగురాళ్ల దగ్గర ఒక పల్లె. మధ్యాహ్నం. వసారాలో మంచం మీద కాలికి కట్టుతో జహీరున్నీసా. గుమ్మం బయట ఆమె తమ్ముడు బుడే, అతని చెయ్యి పట్టుకుని ఆమె కూతురు ఉజ్మా.

“గడప దాటొద్దురా. చెప్పేదేదో అక్కణ్ణుంచే చెప్పి పో.”

“అక్కా, ఒక్క మాట...”

“అక్కా అనమాకు. ఆ పిలుపు చెంచురామయ్యగారి కల్లంలోనే పోయింది, ట్రాలీ కింద. ఉజ్మా, ఎవరు తెమ్మన్నారే వీణ్ణి?”

“నేనే తెచ్చానమ్మా. మామయ్య రానన్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చా, ఏదైనా తగులుద్దని.”

“ఏదైనా తగులుద్దా? పాపం. ట్రాలీ మాత్రం తగల్లేదు మహారాజుకి.”

“రేపు పొదిలి పోతున్నానక్కా. నగ్మా వాళ్ళ పుట్టింటికి. పిల్లల్ని కూడా తీసుకుని. ఇంక ఇటు రాను.”

“పో. నేనేమన్నా పట్టుకున్నానా?”

“ఇక్కడ నాకు టిక్కీ కుట్టే పని ఇచ్చేవాడు లేడు. మిరపకాయలు నింపిన గోతాలు ఎన్నున్నా సరే, నన్ను పిలవరు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే లేచిపోతున్నారు. తోడబుట్టిన దాన్నే ట్రాలీ కింద వదిలేసినోడు అంటున్నారు. పోయేముందు నీకు ఒక్కసారి చెప్పి...”

“అన్నది నేనే. ఊరికి చెప్పింది నేనే. తప్పు చెప్పానా?”

“తప్పే చెప్పావమ్మా.”

“ఉజ్మా, నువ్వు నోరుమూసుకో. గుంటూరులో కళ్ళ కోర్సు చదువుతున్నావు, సంతోషం. అక్కడ నువ్వున్నావా? నేనున్నా. కాయల రాశి ముందు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నా. వీడు నా పక్కనే నిలబడి టిక్కీల మూతులు కుడుతున్నాడు. జక్రయ్య ట్రాక్టరు వెనక్కి తెస్తున్నాడు. పాటల పెట్టె చెవులు పగిలేట్టు మోగుతోంది, హారను కొట్టాడో లేదో ఆ అల్లాకే తెలియాలి. నేను తల వంచుకుని పనిలో ఉన్నా, నాకు కనపడలా. వీడు నిలబడున్నాడు. ఎగిరి అవతలకి దూకాడు. ‘లే అక్కా’ అని ఒక్క కేక వెయ్యలా. అంతేగా జరిగింది? కాదని చెప్పమను.”

“నాకు ట్రాలీ కనపడలేదక్కా.”

“కనపడకుండా ఎట్టా దూకావురా?”

“తెలియదు.”

“విన్నావా ఉజ్మా? తెలియదంట. ఆసుపత్రిలో అడిగా, తెలియదు. మీ నాన్న కాలరు పట్టుకుని అడిగాడు, తెలియదు. పెద్దలు కూర్చోబెట్టి అడిగారు, అప్పుడూ తెలియదే. మనిషి దూకుతాడు, ఎందుకు దూకాడో మనిషికి తెలియదు. ఇదేమన్నా చంటిపిల్లల కబురా?”

“ఇంకేం చెప్పమంటావు? తెలియంది తెలియదనే చెప్పాలిగా అక్కా.”

“భయమేసింది అని చెప్పు. ప్రాణం మీద తీపి, దూకేశా, తప్పయిపోయింది అని చెప్పు. ఆ ముక్క చెబితే నేను తిట్టి ఊరుకునేదాన్ని. రెండుసార్లు కోశారురా ఈ కాలిని. రాడ్డు వేశారు. కింద కూర్చుని తాలు ఏరే పని ఇంక ఈ జన్మకి లేదన్నారు. ఎవడో పుణ్యాత్ముడు చెయ్యి పట్టి గుంజాడు గనక కాలితో పోయింది, లేకపోతే చక్రం నడుం మీదెక్కేది. ఖాజావలిరా వాడు, నేను కళ్ళు తెరిచేసరికి పక్కనున్నది వాడే. కాటా వేసేవాడు. మనకేమీ కాడు. వెళ్ళి మొక్కితే ఏమన్నాడో తెలుసా? ‘నేను కాదక్కా, నేను కాటా దగ్గరున్నా’ అన్నాడు. చేసిన మేలు ఒప్పుకోడానికి కూడా సిగ్గుపడే మనిషి. నువ్వూ ఉన్నావు.”

“అమ్మా, కాసేపు నా మాట విను.”

“రంజానుకి తెచ్చావే గాజులు, పచ్చవి, మా అక్కకి నప్పుతాయని, అవి కూడా ఆ రోజే పగిలినయ్. మంచిదైంది. ఉంటే నేనే పగలగొట్టేదాన్ని.”

“అమ్మా. మామయ్యకి ఎడమవైపు కనపడదు.”

“ఏమన్నావు?”

“ఎడమవైపు కనపడదు. ట్రాలీ వచ్చింది ఎడమ నుంచే కదా?”

“ఎడమ కన్ను పోయిందా?”

“కన్ను పోలేదు. రెండు కళ్ళూ బంగారంలా ఉన్నయ్. కానీ ఏ కన్ను మూసి చూసినా ఎడమ సగం లేదు.”

“కళ్ళు బంగారంలా ఉంటే చూపెట్టా పోద్దే? మామా మేనకోడలూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేద్దామని వచ్చారా? వీడు కళ్ళజోళ్ళ షాపులో గోడ మీది అక్షరాలు కింద వరస దాకా గడగడా చదివాడని నగ్మానే చెప్పింది.”

“చదివాడు. అందుకే ఎవరికీ అనుమానం రాలా. షాపతను రెండుసార్లు జోడు మార్చి పంపాడు. నేను సెలవులకి వచ్చి చూస్తే ద్వారబంధానికి ఎప్పుడూ ఎడం భుజమే కొట్టుకుంటున్నాడు. మా ఆసుపత్రికి తీసుకెళ్ళి మిషను ముందు కూర్చోబెట్టాం. చిన్న చిన్న దీపాలు వెలుగుతయ్ అందులో. కుడివైపువి అన్నీ చెప్పాడు. ఎడమవైపు ఒక్కటీ చెప్పలా.”

“చెప్పకపోవడం ఎంతసేపే? నోరు మూసుకుంటే సరిపోద్ది.”

“తల స్కానింగు నోరు మూసుకోదుగా అమ్మా. కాయలు కోసేటప్పుడు ఒక రోజు మామయ్య తల పగిలిపోతోందని చేలోనే పడిపోయాడు, గుర్తుందా? వడదెబ్బని నువ్వే ఉల్లిపాయ నూరి అరికాళ్ళకి రాశావు.”

“రాశా. ఇప్పుడైతే కారం రాసేదాన్ని.”

“అది వడదెబ్బ కాదు. తల వెనక, కుడిపక్కన, రక్తనాళం మూసుకుపోయింది. అక్కడి మెదడు ముక్క చచ్చిపోయింది.”

“చూపు ముందుంటే తల వెనక ఏం పనే దానికి?”

“కన్ను పంపిస్తుందంతే. చూసేది అక్కడ. నీ ముఠాలో పని ఎట్టా పంచుతావు నువ్వు?”

“నా పని నాకు నేర్పుతావా?”

“చెప్పమ్మా.”

“ఒకతి తాలు ఏరుద్ది. ఒకతి తొడిమ తీసుద్ది. ఒకతి మచ్చకాయ పక్కన పెడుద్ది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. పెడితే ఊరుకోను.”

“తల వెనక కూడా అట్టాంటి ముఠానే ఉంది. లెక్కలేనన్ని కణాలు. రెండు కళ్ళ సరుకూ వచ్చి కలిసేది అక్కడే. నిలువు గీత వస్తే ఒక కణం లేస్తుంది. అడ్డగీత వస్తే అది పట్టించుకోదు, దాని పని కాదు, ఇంకొకటి లేస్తుంది. వాలుగా ఉంటే వేరేది. అటునుంచి ఇటు కదిలితే ఒకటి, ఇటునుంచి అటు కదిలితే ఒకటి. అవి ఏరి పైకి పంపితేనే ఇది గడప, ఇది ట్రాలీ, ఇది మా అక్క అని మనిషికి తెలిసేది. కుడిపక్క ముఠా ఎడమవైపు చూసుకుంటుంది. మామయ్యకి ఆ ముఠా పోయింది. ఇంక కన్ను ఎంత పంపినా తీసుకునేవాళ్ళు లేరు.”

“పోతే ఆ వైపు చీకటిగా ఉండాలిగా. సగం చీకటైతే మనిషికి తెలియదా?”

“చీకటి కూడా ఉండదక్కా.”

“నిన్నడగలా.”

“నీ వీపు వెనక ఇప్పుడు ఏం కనపడుతోంది? చీకటా? చీకటి కాదు, అసలేమీ లేదు. నాకు ఎడమవైపు అంతే. లేనిది లేదని ఎట్టా తెలుసుద్ది?”

“మాటలు బాగా నేర్చావురా. కల్లంలో ఒక్క మాట రాలేదు నీకు. అప్పటికే పనిలో కూడా దొంగ వేషాలు మొదలెట్టావు. చెంచురామయ్యగారు అందరి ముందూ నన్ను పట్టుకుని అడిగాడు, ‘ఏమ్మా జహీరమ్మా, మీవాడు కుట్టిన టిక్కీలన్నీ ఎడం మూల నుంచి కాయలు కారుస్తున్నయ్, సగం కుట్టి వదిలేస్తున్నాడు’ అని. తల కొట్టేసినట్టయింది నాకు.”

“ఏ మూల నుంచమ్మా?”

“ఎడం మూల...”

“అన్నీ ఎడం మూలేనా?”

“ఏమో. అన్నీ అనే అన్నాడు ఆయన.”

“దొంగ పని చేసేవాడు ఒకటి కుడి, ఒకటి ఎడమ వదిలేస్తాడు కదమ్మా. అన్నీ ఒకే మూల ఎందుకు వదిలాడు? మామయ్య లెక్కలో టిక్కీ అక్కడికే అయిపోయింది. మూతి కొస దాకా కుట్టాననే అనుకున్నాడు.”

“సరే. ఒప్పుకుంటా. వీడికి ఎడమవైపు లేదు, గుండుసున్నా. అయితే ఇంకో ముక్క చెప్పు. ట్రాలీ ఎడమ నుంచి వచ్చింది. కనపడని వైపు నుంచి. మరి వీడు కూడా నాతోపాటు దాని కిందే ఉండాలిగా? ఎట్టా దూకాడు? నీ చదువుని చెప్పమను. ఇదిగో, ఇట్టా చూడు.”

“అమ్మా, ఏం చేస్తున్నావు?”

“చూశావా? చూశావా వాణ్ణి? ఎడమవైపునుంచే విసిరా ఎండుమిరపకాయ. తల పక్కకి తీశాడు. చెయ్యి అడ్డం పెట్టాడు.”

“ఏమైంది? ఏం విసిరావక్కా?”

“ఏం విసిరావని అడుగుతున్నాడు. ఆహా. నాటకాల కంపెనీలో చేరరా, బాగా పైకొస్తావు.”

“అమ్మా, కోప్పడమాకు. నువ్వు ఇప్పుడు చేసిందే నేను ఇంకో రకంగా చేస్తా. మంచం కింద పత్తికట్టె ఒకటి అందుకుంటా, ఉండు. మామయ్యా, నా ముక్కు మీదే చూపు పెట్టు. కళ్ళు కదపమాకు. నీ ఎడమవైపు పత్తికట్టె పట్టుకున్నా. నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా?”

“ఏం కట్టె? నాకేం కనపడటం లేదు ఉజ్మా.”

“తెలుసు. ఊరికే నోటికొచ్చింది చెప్పు.”

“నిలువు.”

“ఇప్పుడు?”

“అడ్డం అనుకో.”

“ఇప్పుడు?”

“అడ్డమే.”

“ఇప్పుడు?”

“నిలువు. అడ్డం. ఏదో ఒకటి. ఎందుకే ఈ ఆట?”

“ఒకటే చెప్పు మామయ్యా.”

“నిలువు.”

“ఇప్పుడు?”

“అడ్డం. ఇంక ఆపవే తల్లీ, నాకేం కనపడటం లేదు, చీకట్లో రాయి విసురుతున్నా.”

“అమ్మా, చూశావుగా?”

“చూశా.”

“ఎన్ని తప్పినయ్?”

“ఒక్కటి కూడా తప్పలా.”

“అదే నేను చెప్పేది—”

“ఒక్కటి కూడా తప్పలేదురా దొంగసచ్చినోడా. నా గడప ముందు నిలబడి, నా కూతురి చేత నాకే చూపించావు. కనపడుద్ది నీకు. కట్టె నిలువో అడ్డమో కూడా కనపడుద్ది. ట్రాలీ అంత ట్రాలీ కనపడలేదా? పక్కన అక్క కనపడలేదా?”

“ఉజ్మా. అన్నీ నిజంగా సరిపోయినయ్యా?”

“అన్నీ మామయ్యా.”

“నా మీద ఒట్టు పెట్టి చెప్పు.”

“ఒట్టు. ఆసుపత్రిలో మా సారు చేసినప్పుడు కూడా దాదాపు అన్నీ సరిపోయినయ్. నువ్వు భయపడతావని చెప్పలా.”

“అయితే... అయితే అక్క అనేది నిజమేనా? నాకు కనపడుద్దా? నేను చూశానా? చూసి, అక్కని వదిలేసి దూకి, చూడలేదని నాకు నేనే చెప్పుకుంటున్నానా? ఊరంతా అంటుంటే కాదు కాదు అని రోజూ నాకు నేను చెప్పుకుని పడుకుంటున్నా ఉజ్మా. ఇప్పుడు ఏం చెప్పుకోవాలి?”

“ఏడవమాకురా. ఏడుపొకటి.”

“అమ్మా, ఒక్క సంగతి ఆలోచించు. నువ్వు ఏరేదానివి, నీకు తెలుసుద్ది. గుడ్డివాడిలా నాటకం ఆడేవాడు ఏం చేస్తాడు? అన్నీ తప్పు చెబుతాడు. కట్టె నిలువుగా ఉంటే అడ్డం అంటాడు. అన్నీ సరిగ్గా చెప్పి తనని తాను పట్టిస్తాడా? మామయ్య ముఖం చూడు. సరిపోయినయ్ అంటే సంతోషంగా ఉందా ఆ ముఖం?”

“వాడి ముఖం నేనెందుకు చూడాలి?”

“చూడమ్మా.”

“చూస్తున్నాలే. మరి ఎట్టా చెప్పాడు?”

“కంటినుంచి లోపలికి దారి ఒక్కటే కాదు. పెద్ద దారి ఆ ముఠా దగ్గరికి పోతుంది. అది పోయింది. ఇంకో చిన్న దారి ఉంది, లోపలికి, చాలా పాతది. అది మనసుకి ఏమీ చెప్పదు. ఒంటికి చెబుతుంది. ఏదో వస్తోంది, జరుగు అంటుంది. ఒళ్ళు జరుగుద్ది. జరిగాక కూడా ఎందుకు జరిగామో మనిషికి తెలియదు. మిరపకాయకి తల తీసింది అదే. ఆ రోజు దూకింది అదే. తెలియదు, తెలియదు అని మామయ్య అన్నది అబద్ధం కాదమ్మా. అంతకంటే నిజం ఇంకోటి లేదు.”

“అయితే ఇంకా ఘోరం.”

“ఏంటి ఘోరం?”

“ఇన్నాళ్ళూ భయపడి వదిలేశాడనుకున్నా. భయం ఎవరికుండదు? మనసులో ఒక్క క్షణమైనా అక్కా, నేనా అని కొట్టుకుని ఉంటాడు, ఆఖరికి ప్రాణం గెలిచి ఉంటుంది అనుకున్నా. తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఏదో ఒక రోజు చాలించేదాన్ని. ఇప్పుడు నువ్వేమంటున్నావు? మనసే లేదు అక్కడ. వాడి ఒళ్ళే జరిగింది. ఆ ఒంటికి వాడొక్కడే గుర్తొచ్చాడు.”

“అట్టా కాదమ్మా...”

“అట్టాగే. అమ్మ పోతే ఈ బుడేగాణ్ణి చంకనేసుకుని చేలకి పోయానే నేను. పాదు తవ్వుతూ కూడా దించలా. వీడి ఆకలి నా ఒంటికి తెలిసేది, వీడు నోరు తెరవకముందే. నాకేం చదువు? ఏ దారినుంచి తెలిసిందో నాకేం తెలుసు? మరి వీడి ఒంట్లో నేను ఎక్కడా లేనా? వేలు చివరన్నా లేనా? చెప్పరా. ఇప్పుడు కూడా తెలియదనే అంటావా?”

“ఆ ఒళ్ళు నాకే ఏమీ చెప్పదక్కా.”

“లేనులే. నాకు తెలుసు.”

“పోతానక్కా. ఉజ్మా, నన్ను మెట్ల దాకా దించు.”

“అమ్మా, ఇట్టాగే పంపించేస్తావా?”

“పోనీ. తప్పు లేదన్నావుగా, ఒప్పుకున్నా. ఊరికి కూడా చెబుతా, వీడు చూడలేదు, నాదే పొరపాటు అని. కానీ నాకు వద్దు. పొదిలిలోనే బతకమను.”

“పద మామయ్యా. ఇటు కాదు, స్తంభం ఉంది. ఎడం చెయ్యి ఇవ్వు... ఈ అరచేతిలో ఏంటిది, గట్టు కట్టింది?”

“ఏం లేదు. మానిపోయిందిలే.”

“ఎప్పటిది?”

“ఆ రోజుదే. కింద పడ్డాగా. కల్లం గట్టున అన్నీ తాగి పారేసిన సీసాలే, పెంకు దిగింది. అక్క కాలు అట్టా ఉంటే నా చేతి గురించి ఎవరికి చెబుతాం?”

“కింద పడితే అరచేతి అడుగున, మణికట్టు దగ్గర తెగుద్ది మామయ్యా. ఇది వేళ్ళ మొదట్లో, వంపుగా, పక్కపక్కనే గాట్లు. దేన్నో గట్టిగా పట్టుకుంటేనే ఇట్టా తెగుద్ది. ఏం పట్టుకున్నావు?”

“ఏమో. దూకేటప్పుడు చేతికి ఏదో దొరికింది. టిక్కీ మీది తాడేమో అనుకున్నా. గుంజా. బరువుగా వచ్చింది కొంచెం, తర్వాత జారిపోయింది. నేను వెల్లకిలా పడ్డా.”

“పెంకు ఏ రంగురా?”

“ఏంటక్కా?”

“పెంకురా. చేతిలో దిగిన పెంకు. ఏ రంగు?”

“పచ్చది. నగ్మా పిన్నీసుతో తీసింది. సన్నవి రెండు మూడు ముక్కలు.”

“ఏ చెయ్యి?”

“ఎడమది. కుడి చేతిలో దబ్బనం ఉందిగా.”

“నేను నీకు ఏ పక్కన కూర్చున్నా?”

“ఎడం పక్కనే కదక్కా. నీ కుడి చెయ్యి నా మోకాలికి తగులుతుంటే జరుగు అన్నావు కూడా.”

“ఉజ్మా, నా కుడి చెయ్యి చూడు. ఈ మణికట్టు మీద మచ్చలు చూడు. గాజులు దిగబడినయ్ అన్నారు ఆసుపత్రిలో. ఎవడో బలంగా గుంజితేనే ఇట్టా దిగబడతయ్ అన్నారు. వాడి చెయ్యి తెచ్చి దీని మీద పెట్టు.”

“అమ్మా, లేవమాకు. కాలు...”

“కాలు గంగలో కలవనీ. ఖాజావలి కాటా దగ్గరే ఉన్నాడే. వాడు మొదట్నుంచీ నిజమే చెబుతున్నాడు.”

“అక్కా, నాకేం అర్థం కావడం లేదు. నేనేం చేశా?”

“గడప దాటి లోపలికి రారా. ఇన్నాళ్ళూ అయిదు పూటలా నమాజులో కూర్చుని ఖాజావలికి దువా చేశానురా నేను. తిట్లేమో నీకు.”